హబ్సిగూడ దాకా పోయొచ్చిన ఇల్లు

తార్నాకలో బాలలక్ష్మి అనే ఆవిడ ఇల్లు ఒకనాడు పొద్దున్నే పారిపోయింది. మంచం, బీరువా, గ్యాస్ సిలిండరు, గోడ గడియారంతో సహా మెట్రో స్తంభాల కింద నుంచి హబ్సిగూడ వైపు ఉడాయిస్తున్న ఆ ఇంటిని ఆవిడ సైకిలు మీద తరిమింది. నాలుగు ఆర్టీసీ బస్సులను దాటేసి, జుట్టు పట్టుకున్నట్టు పట్టుకుని, వెనక్కి ఈడ్చుకొచ్చింది. అప్పటికి ఆ సైకిలు కన్యాకుమారి దాకా వెళ్లి తిరిగి వస్తోంది. వెనక సీటు మీద మొగుడు కూచుని ఉన్నాడు. ఆ మొగుడు దారి పొడుగునా ఒక్కసారి కూడా పెడలు తొక్కలేదు. పైగా కన్యాకుమారి నుంచి తార్నాక దాకా బ్రేకు పట్టుకునే కూచున్నాడు. తార్నాకలో ఎవరినైనా అడగండి. కాదన్నవాళ్లు ఆ రోజు ఊళ్లో లేరనుకోవాలి.

బాలలక్ష్మికి అనుమానం ఆరో ప్రాణం. పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక లేడీస్ హాస్టల్ మెస్సులో వంట చేసినన్నాళ్లూ సాయంత్రం ఇంటికి పోయే ముందు నుదుటి మీది స్టిక్కరు బొట్టు తీసి, నూనె డబ్బాలో నూనె ఎంతవరకు ఉందో సరిగ్గా అక్కడ బయట అతికించి పోయేది. మర్నాడు పొద్దున నూనె బొట్టు కిందికి దిగి కనిపించిందా, ఆ పూట వంటగదిలో ఉప్మా కన్నా ముందు విచారణ ఉడికేది. పాలవాడు ఎక్కువ నవ్వితే ఆమెకు అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం. వాన పడుతుందని టీవీలో చెబితే, ఆ చెప్పినామె గొడుగు తెచ్చుకుందో లేదో చూపించమనేది.

నలభై దాటాక ఆమెకు సైకిలు వచ్చింది. చదువు మధ్యలో మానేసి వెళ్లిపోతూ ఒక అమ్మాయి తన లేడీస్ సైకిలును మెస్సు గోడకు ఆనించి, “నీకే ఆంటీ” అని చెప్పి పోయింది. (చదువు మధ్యలో మానేసేవాళ్ల వల్ల లోకానికి జరిగే మేలును ఎవరూ రాసిపెట్టరు. రాస్తే యూనివర్సిటీ లైబ్రరీ చాలదు.) ఊరికే వచ్చిన వస్తువులో ఏదో మెలిక ఉంటుందని బాలలక్ష్మి వారం పాటు దాన్ని ముట్టలేదు. ఎనిమిదో రోజు తెల్లవారుజామున, ఎవరూ చూడకుండా, క్యాంపస్‌లోని ల్యాండ్‌స్కేప్ గార్డెన్ పక్క రోడ్డు మీదికి తీసుకుపోయింది. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి. నెల తిరిగేసరికి మాణికేశ్వర్ నగర్ నుంచి మెస్సుకు వచ్చే ఆడవాళ్లు ఆమె వెంటపడ్డారు, “మాకు గుడ నేర్పు అక్కా” అని. అప్పటి నుంచి ఆ రోడ్డు మీద తెల్లవారుజాము బడి ఆమెదే. ఊడ్చేవాళ్లు, వండేవాళ్లు, అప్పుడప్పుడూ పీహెచ్‌డీ అమ్మాయిలు. పీహెచ్‌డీ వాళ్లకు నేర్పడం మహా కష్టమట. పడకముందే ఎందుకు పడతామో వివరంగా చెబుతారట.

నేర్పే పద్ధతి ఒకటే. వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తుతుంది. ముందున్న మనిషి వణికిపోతూ, “పట్టుకున్నవా అక్కా?” అని అడుగుతుంది. “పట్టుకున్న” అంటుంది బాలలక్ష్మి. ఆ మాట అనేసరికి చెయ్యి ఎప్పుడో వదిలేసి ఉంటుంది. ఎంత తొణకకుండా అంటుందంటే, కోర్టులో అన్నా జడ్జి నమ్మేస్తాడు. అలా నేర్చుకున్నవాళ్లు చాలామంది. అందుకేనేమో, వెనకనున్న మనిషి చెప్పే మాట ఎంతమాత్రం నమ్మకూడదని బాలలక్ష్మికి అందరికన్నా బాగా తెలుసు.

ఆమె మొగుడు దానయ్య ముప్పై ఏళ్లు వెనకే కూచున్న మనిషి. గూడ్సు బండికి గార్డు. ఉద్యోగం ఆఖర్లో ఆ పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు గానీ, పేరు మారినందుకు ఆ చివరి డబ్బా ఊగడం మానలేదు. రిటైరయ్యాక లాలాగూడ క్వార్టర్సు ఖాళీ చేసి తార్నాకలో ఒక గల్లీలో అద్దెకు దిగారు. ఈలోగా దానయ్య ఘట్‌కేసర్ అవతల, పట్టాలకు ఎదురుగా రెండు గదులు కట్టించాడు. అక్కడికి పోదామన్నాడు.

“గాడ పొద్దుమాపు గూడ్సులు పోతుంటయి. కుర్చీ ఏసుకొని చూడొచ్చు.”

“ముప్పై ఏండ్లు అండ్లనే తిరిగితివి. ఇంక చూసేదేమున్నది?”

“లోపల కూసున్నోనికి బండి ఏడ కనవడతదే?”

“మరి నేను గాడ ఎవరికి నేర్పాలె? గూడ్సు డబ్బాలకా?”

ఆ ఇంట్లో ఏ మాట మొదలైనా ఘట్‌కేసర్ దగ్గర ఆగేది. ఉప్పు తక్కువైంది అంటే ఘట్‌కేసర్ నీళ్లు బాగుంటాయనేవాడు. చివరికి ఒకరోజు బాలలక్ష్మి, తన సైకిలు సరదా తీరిపోయే వయసు వచ్చిందని మొగుడు అన్నందుకు, కన్యాకుమారి దాకా తొక్కి వస్తానంది. దానయ్య నవ్వాడు. నవ్వి పందెం పెట్టాడు. సైకిలు ఏ లారీ, ఏ రైలు, ఏ ఆటో ఎక్కకుండా పోయి, తన చక్రాల మీదే ఇంటి గడప దాకా వస్తే ఘట్‌కేసర్ మాట ఈ జన్మలో ఎత్తడు. ఎక్కడైనా ఏ బండి మీదైనా ఎక్కించిందా, మర్నాడే సామాను సర్దుకుని ఘట్‌కేసర్. ఒక్కతే పోతే దారిలో ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? అందుకని సాక్షిగా తనూ వస్తానన్నాడు. అనుమానం అంటువ్యాధి, ఒకే కప్పు కింద అన్నేళ్లు ఉంటే అంటదా?

లాలాగూడలో వెల్డింగు చేసే సామేలు రెండు సైకిళ్లను కోసి ఒకటిగా అతికించాడు. రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు, అన్నిటికీ కలిపి గొలుసు. ఒకరు తొక్కితే రెండోవారి పెడళ్లు వాటంతటవే తిరుగుతాయి. ముందు సీటు దానయ్యకు చూపించాడు సామేలు. దానయ్య తల అడ్డంగా ఊపాడు.

“గార్డు ముందల కూసోడు.”

“మరి హ్యాండిల్ ఎవరు తిప్పాలె?”

“ఆమె తిప్పుతది. నాకు ఎనక ఒక బ్రేకు పెట్టు. బ్రేకు లేని డబ్బా నేనెక్క.”

అలా బయల్దేరారు. కర్నూలు దాటాక ఎండకు తారు కరిగి చక్రాలకు చుట్టుకుంటే, వెనక వచ్చే లారీలకు రోడ్డు లేకుండా పోయింది. బెంగుళూరు ట్రాఫిక్‌లో ఎంతసేపు నిలబడ్డారంటే, అక్కడివాళ్లు వీళ్ల పేర్లు ఓటరు లిస్టులో ఎక్కించుకోబోయారు. కన్యాకుమారిలో సముద్రం అడ్డం వచ్చింది కాబట్టి వెనక్కి తిరిగారు. లేకపోతే ఈ కథ ఇప్పటికీ తెగేది కాదు.

ఇన్ని ఊళ్లు దాటినా బాలలక్ష్మి సరిగ్గా చూసిన ఊరు లేదు. ఆమె ధ్యాసంతా వెనకే. ఎదురుగాలికి తను ఆయాసపడుతుంటే వెనక నుంచి కూనిరాగం వినిపించేది. తొక్కేవాడికి కూనిరాగం తీసే ఊపిరి ఎక్కడిది? మధ్యాహ్నానికి తన డ్రెస్సు పిండితే బకెట్టు నిండేలా ఉంటే, ఆయన చొక్కా ఇస్త్రీ మడత చెదరకుండా ఉండేది. పొద్దుటి నీడలో చూస్తే ఆయన మోకాళ్లు ఆడుతూనే ఉన్నాయి. కానీ ఆ సైకిలు మీద బియ్యం మూటకు కాళ్లు కట్టి కూచోబెట్టినా మోకాళ్లు ఆడతాయి.

“తొక్కుతున్నవా?” అని అడిగేది.

“తొక్కుతున్న” అనేవాడు.

ఆ గొంతు ఆమెకు తెలుసు. “పట్టుకున్న” అని తను అనే గొంతే అది.

తొక్కుతున్నాడో లేదో కనిపెట్టే ఉపాయం దొరకలేదు. బ్రేకు సంగతి మాత్రం ఆమెకు నూనె డబ్బా నేర్పింది. పందెం ఓడగొట్టాలంటే ఆయన చేతిలో ఉన్న ఆయుధం ఆ బ్రేకే కదా. రోజూ పొద్దున, ఆయన పళ్లు తోముకునేటప్పుడు, వెనక హ్యాండిలు దగ్గర వేళ్లతో నొక్కే బ్రేకు కొమ్మ మీద సగం, దాన్ని బిగించిన పట్టీ మీద సగం పడేట్టు ఒక చిన్న బొట్టు అతికించేది. కొమ్మ ఏమాత్రం కదిలినా బొట్టు ఊడుతుంది. సాయంత్రం చూసేది. అతికే ఉండేది. పెనుకొండ దగ్గర దిగుడు రోడ్డులోనూ అతికే ఉంది, మదురైలో ఆవు అడ్డం వచ్చినప్పుడూ అతికే ఉంది. రోజూ అంత బుద్ధిగా అతికి ఉండడం ఆమెకు ఇంకా అనుమానంగా ఉండేది.

ఆఖరి రోజు ఆదివారం. శంషాబాద్ దగ్గర పడుకుని, చీకటితోనే లేచి, ఎండ రాకముందే అంబర్‌పేట దాటి అడిక్‌మెట్ చేరారు. ఇక మిగిలింది క్యాంపస్ రోడ్డు, ఆ తర్వాత తార్నాక, ఆ తర్వాత గల్లీ. రేపటి నుంచి తెల్లవారుజాము రోడ్డు బాలలక్ష్మిది, ఎవరూ అడగరు. అప్పుడు వెనక నుంచి ఫోను బీప్‌మంది.

“ఎవరికి చేస్తున్నవ్?”

“ఎవరికి లే. టైం చూసిన.”

“చేతికి గడియారం పెట్టుకొని ఫోన్ల టైం చూస్తున్నవా?”

కాస్త దూరం పోయాక దానయ్య, “ఇడ్లీ తిందాం ఆగు” అన్నాడు.

“ఇల్లు గీడనే ఉన్నది.”

“ఆకలి గీడనే అయితున్నది.”

ఆగారు. స్టూడెంట్లు లేని ఆదివారం కావడంతో టిఫిను సెంటరు ఖాళీగా ఉంది. దానయ్య ముందు కౌంటరు దగ్గరికి పోయి, ఆ మనిషి చెవిలో ఏదో అని, ఫోను చేతికిచ్చి వచ్చాడు. బాలలక్ష్మి ఇడ్లీ తుంచడం ఆపింది.

“ఏమడిగినవ్?”

“చట్నీ.”

“చట్నీ కోసం ఫోన్ తాకట్టు పెట్టినవా?”

“చార్జింగ్ పెట్టుమన్న.”

“అరగంటల ఇంట్ల ఉంటం. ఇంట్ల కరెంటు లేదా?”

“నువ్వు ప్రతిదీ గట్లనే అడుగుతవ్” అని దానయ్య మూడోసారి సాంబారు పోయించుకున్నాడు. సాంబారు అంటే ఆయనకు పడదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన రెండోసారి పోయించుకోవడం ఆమె చూడలేదు. అదీ చాలదన్నట్టు టీ చెప్పాడు, టీ తర్వాత ఇంకో టీ చెప్పాడు. చివరికి కరెంటు పోయింది. కౌంటరు మనిషి ఫోను వెనక్కిస్తూ, “ఎక్కలే పెద్దాయనా, చచ్చే ఉంది” అన్నాడు. దానయ్య మొహం ఎర్ర సిగ్నలు చూసిన ఇంజనులా ఆగిపోయింది.

అక్కడి నుంచి సైకిలు బరువెక్కింది.

మొదట ఇడ్లీల బరువనుకుంది. ఎన్‌సీసీ గేటు దాటి క్యాంపస్‌లోకి వచ్చినా బరువు దిగలేదు. ఈ రోడ్డు మీద ప్రతి గుంట ఆమెకు పేరుపెట్టి పిలిచేంత చుట్టం. ఎక్కడ లేపుతుందో, ఎక్కడ దించుతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. దిగుడులో కూడా సైకిలు బురదలో పోతున్నట్టు పోతోంది. ఆగి టైర్లు నొక్కి చూసింది, రాళ్లలా ఉన్నాయి. గొలుసు చూసింది, బాగానే ఉంది. పొద్దుట నుంచి రోడ్డు మారలేదు, సైకిలు మారలేదు. మారడానికి మిగిలింది వెనకున్న మనిషే.

మళ్లీ ఎక్కారు. కాస్త దూరం పోయాక ఆమె చప్పుడు కాకుండా రెండు కాళ్లూ పెడళ్ల మీద నుంచి ఎత్తేసింది. పెడళ్లు తిరుగుతూనే ఉన్నాయి, చాలా నెమ్మదిగా, మూలుగుతున్నట్టు.

“తొక్కుతున్నవా?”

“తొక్కు... తున్న.”

ఆ గొంతులో ఆయాసం ఉంది. కన్యాకుమారి పోయి వచ్చిన దారిలో ఎక్కడా వినని ఆయాసం. కూనిరాగం కూడా ఎప్పుడో ఆగిపోయింది. నిజంగా తొక్కుతున్నాడన్నమాట. మనిషి తొక్కుతున్నాడు, సైకిలు పోవడం లేదు. ఇంతకన్నా పెద్ద కుట్ర ఇంకేం కావాలి? ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా నీళ్లు తాగుదామని ఆపింది. దిగీ దిగగానే వెనక హ్యాండిలు చూసింది. బొట్టు లేదు.

దానయ్య సీసా ఎత్తి నీళ్లు తాగుతున్నాడు. ఆ సీసా పట్టుకున్న చేతికి, చూపుడు వేలి మీద, ఎర్రగా చిన్న చుక్క.

“నీ వేలికి ఏందది?”

దానయ్య వేలు తిప్పి చూసుకున్నాడు. “బొట్టు... ఇదెక్కడిదే?”

“నీ బ్రేకుది.”

బాలలక్ష్మి గొంతు పెంచలేదు. మెస్సులో నూనె విచారణ కూడా ఆమె గొంతు పెంచకుండానే చేసేది. అందుకే ఎవరూ తట్టుకోలేకపోయేవారు.

“ఇల్లు కనవడే దూరంల నాతోని చాలు అనిపియ్యాలని. అంతేనా? కాళ్లు పడిపోయి నేనే ఆటోను పిలుస్తనని. గంత దూరం పోయి వచ్చినం, గీడ ఓడగొడతవా నన్ను?”

“గట్ల కాదు.”

“ఎట్ల మరి?”

“నేను... జర ఆలస్యం కావాలని పట్టుకున్న. ఓడగొట్టనీకి కాదు.”

“ఆలస్యం ఎందుకు?”

దానయ్య ఆర్ట్స్ కాలేజీ వైపు చూశాడు. అంత పెద్ద రాతి భవనం కూడా ఆయనకేం సాయం చెయ్యలేదు. సరిగ్గా అప్పుడు తార్నాక వైపు నుంచి కామాక్షి సైకిలు తొక్కుకుంటూ వచ్చింది. మాణికేశ్వర్ నగర్ మనిషి, మెస్సులో బాలలక్ష్మి పక్కనే రొట్టెలు చేసేది, ఆమె దగ్గరే సైకిలు నేర్చుకుంది. హ్యాండిలుకు బంతిపూల దండ వేలాడుతోంది. మొహం మాత్రం దండ తెచ్చిన మొహంలా లేదు.

“ఏందే గట్లున్నవ్?” అంది బాలలక్ష్మి.

“దండ ఎయ్యాల్నా ఒద్దా అని ఆలోచిస్తున్న. ఇల్లు ఖాళీ చేస్తుంటే ఒక్క మాట చెప్పవా అక్కా? మేమేం పరాయోళ్లమా?”

“ఎవరి ఇల్లు?”

“నీ ఇల్లే. ట్రాలీ నిండ సామాన్లు ఎక్కించిన్రు. నీ బీరువ అద్దంల నా మొకం నేను చూసుకొని వస్తున్న.”

బాలలక్ష్మి మొగుడి వైపు తిరిగింది. ఇక దాచడానికి దానయ్య దగ్గర ఏమీ లేదు, వేలి మీది బొట్టు తప్ప.

ఆయన చెప్పింది ఇది. బయల్దేరే ముందు, ఆమె కర్నూలు దాటదని ఆయనకు గట్టి నమ్మకం. లారీ ఎక్కి తిరిగొచ్చాక మాట మార్చేస్తుందని భయం. అందుకని పాత స్నేహితుడు బాలస్వామికి చెప్పిపెట్టాడు. లాలాగూడ యార్డులో రైళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు బాలస్వామి. ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. మొక్కలకు నీళ్లు పొయ్యమని ఇంటి తాళంచెవి ఎలాగూ ఆయన దగ్గరే ఉంది. ఊళ్లోకి రాగానే తను ఒక మిస్స్‌డ్ కాల్ ఇస్తాడు; అది రాగానే ఇద్దరు మనుషులను పెట్టి సామానంతా ఎక్కించి, ఘట్‌కేసర్‌లో దింపెయ్యాలి. మళ్లీ ఫోను చెయ్యడం, అడగడం ఏమీ ఉండదు.

“మరి ఆ మిస్స్‌డ్ కాల్ గీ పొద్దుగాల ఇచ్చినవ్” అంది బాలలక్ష్మి.

“లే. వద్దు అని చెప్పనీకి చేసిన. రెండు రింగులకే ఫోన్ చచ్చింది. పోయిందో లేదో తెల్వలే. మల్ల చేసి ఆపుమని చెప్పేదాంక ఇంటికి పోవద్దని, బ్రేకు...”

“నా ఫోన్ అడగకపోతివి.”

“అడిగితే ఎందుకని అడుగుతవు గద.”

“వద్దని ఎందుకు చెప్పాలనుకున్నవ్?”

దానయ్య నోరు తెరిచాడు. కామాక్షి మధ్యలోనే అంది, “అది మల్ల అడుగుదువు అక్కా. బండి కదులుతుండంగ నేను వచ్చిన. ఫోన్ చేసి ఆపుమను.”

“నంబరు ఇండ్లనే ఉన్నది” అని దానయ్య చచ్చిన ఫోను చూపించాడు.

ఆ తర్వాత జరిగింది చూసినవాళ్లు ఇప్పటికీ కన్నార్పడం లేదు. ఇద్దరూ సైకిలెక్కారు. ఆర్ట్స్ కాలేజీ నుంచి తార్నాక దాకా వాళ్లు పోయిన వేగానికి చెట్ల మీది ఆకులు రాలి, వెనక ఊడ్చేవాళ్లకు రెండు రోజుల పని పెట్టాయి. కామాక్షి దండ సగం పూలు గాల్లోనే పోయాయి. గేటు దాటి మెయిన్ రోడ్డెక్కేసరికి, మెట్రో స్తంభాల పక్కన, హబ్సిగూడ వైపు, దూరంగా ఏదో తళుక్కుమంది. బీరువా అద్దం. ట్రాలీకి వెనక వైపు, రోడ్డుకు మొహం చేసి కట్టాడు బాలస్వామి.

బాలలక్ష్మి బస్సుల మధ్య నుంచి దూరింది. ఒక బస్సు కండక్టరు టికెట్ ఇవ్వబోయాడంటారు. దగ్గరయ్యేకొద్దీ అద్దంలో తన మొహం పెద్దదైంది. ఆ మొహం మీద ఆమెకు ఆసక్తి లేదు. తన భుజం పక్క నుంచి ఇంకొక మొహం కనిపిస్తోంది. ఇన్ని ఊళ్లు తిరిగినా ఆమె ఒక్కసారి కూడా చూడలేకపోయిన మొహం, తొక్కేటప్పటి దానయ్యది. పళ్లు కరుచుకుని ఉన్నాడు. మెడ నరాలు లేచాయి. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మోకాళ్లను నమ్మక్కర్లేదు, అవి ఎవరివైనా ఆడతాయి. భుజాలు మాత్రం అబద్ధం చెప్పలేవు. ఒక్కో తొక్కుకు ఒక్కో భుజం కిందికి దిగుతోంది. చేతులు బ్రేకుకు దూరంగా, హ్యాండిలు చివర బిగుసుకుని ఉన్నాయి.

ఆమె ఏమీ అడగలేదు. ఆ దారి మొత్తానికి ఆమె అడగకుండా ఉన్నది అప్పుడే.

హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ట్రాలీని అందుకున్నారు. బాలస్వామి తలుపు తీసుకుని దిగి, తను కట్టిన బీరువాను మెచ్చుకోమన్నట్టు నిలబడ్డాడు. “ఏంది గార్డుసాబ్, గిటు వచ్చిన్రు? నేను ఘట్‌కేసరే పోతున్న గద.”

“నేను వద్దని చెప్పనీకి ఫోన్ చేసిన” అన్నాడు దానయ్య, రొప్పుతూ.

“ఒక్క మిస్స్‌డ్ కాల్ వచ్చింది. ఒక్కటి వస్తే ఎక్కియ్యమని మీరే అన్నరు. వద్దంటే ఎన్ని ఇయ్యాలనో మీరు చెప్పలే.” ముప్పై ఏళ్లు సిగ్నలు చూసి పాయింటు మార్చిన మనిషి. సిగ్నలు ఎందుకు పడిందని అడిగే ఉద్యోగం కాదది.

వెనక హారన్లు మొదలయ్యాయి. ట్రాలీని పక్కకు తీశారు. బాలలక్ష్మి ఫుట్‌పాత్ అంచున కూచుంది. బాలస్వామి ఆమెను చూశాడు, సైకిలును చూశాడు, ఎండను చూశాడు. “వదినా, సామాను మల్ల ఇంట్ల దించుత, ఫికర్ చెయ్యకు. సైకిలు గుడ మీద పడేస్త. మీరిద్దరు ముందల కూసోండ్రి. పోయేది ఇంటికే గద.”

అని ముందు చక్రం పట్టుకుని ఎత్తాడు. చక్రం ట్రాలీ అంచుకు తగిలింది.

బాలలక్ష్మి లేవలేదు. లేచే ఓపిక లేక కాదు. దానయ్యను చూస్తోంది. ఆ చక్రం ఇంకొక జానెడు పైకి లేస్తే ఘట్‌కేసర్. సామాను కూడా ఎక్కించే ఉంది, బండి మొహం కూడా అటే ఉంది. ఆయన ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకుంటాడా లేదా అన్నది ఇప్పుడు తేలిపోతుంది.

“దించు” అన్నాడు దానయ్య.

“ఏంది సాబ్?”

“కిందికి దించు బాలస్వామీ. అది ఏ బండీ ఎక్కది.”

బాలస్వామి దించాడు. సిగ్నలు పడితే చాలు ఆయనకు. బాలలక్ష్మికి చాలదు.

“ఎందుకు?” అంది.

“ఎందుకేంది?”

“నీకు కావాల్సింది గదే గద. ఎందుకు దించుమన్నవ్? ఇంకేమున్నది నీ మనసుల?”

దానయ్య చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. “ఏం లే. ముప్పై ఏండ్లు ఎనక డబ్బల కూసున్న. దాటిపోయిన ఊరే కనవడేది. వచ్చే ఊరు ఎట్లుంటదో గిప్పుడు చూసిన, నీ భుజం మీది నుంచి. గా పట్టాల ముందల కుర్చీ ఏసుకొని కూసుంటే మల్ల పోయేదే కనవడతది.”

“గిది ఎప్పుడు అనిపించింది నీకు?”

“తెల్వదు. అనంతపురం కాడనో, ఏడనో.”

“అనంతపురం పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?”

“నమ్మితే నమ్ము, లేకుంటే లే” అని దానయ్య సైకిలు హ్యాండిలు సరిచేశాడు.

ట్రాలీ ముందు, సైకిలు వెనక, హబ్సిగూడ నుంచి తార్నాకకు తిరిగొచ్చారు. గల్లీ మొదట్లో కామాక్షి, ఇంకో నలుగురు ఆడవాళ్లు సైకిళ్లతో నిలబడి ఉన్నారు. సగం రాలిపోయిన దండను ఇద్దరికీ కలిపి వేస్తే, పొట్టిదై ఇద్దరి తలలూ గుద్దుకున్నాయి. బీరువా, మంచం, సిలిండరు దానయ్యే బాలస్వామితో కలిసి లోపల పెట్టాడు. బాలలక్ష్మి గడప దగ్గర నిలబడి ప్రతిదాన్నీ ఎక్కించిన వరసలోనే దించారా లేదా అని చూసింది. ఘట్‌కేసర్ గదుల్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. ఆ మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. రాకపోవడం ఏమిటా అని బాలలక్ష్మి అప్పుడప్పుడూ మొగుడి వైపు చూస్తుంది.

ఈ వైనమంతా రాశాక, తెల్లవారుజామున రోడ్డు మీద ఒకసారి ఆమెకే చదివి వినిపించారు. బాలలక్ష్మి ఒక పీహెచ్‌డీ అమ్మాయి క్యారియర్ పట్టుకుని నిలబడి, ఎక్కడా నవ్వకుండా, చివరిదాకా విని, ఇలా అంది:

“ఇల్లు ఏడికీ పారిపోలే. ట్రాలీ సిగ్నల్ కాడ నిలవడ్డది. బస్సును ఒక్కదాన్ని గుడ దాటలే, బస్సులే మమ్మల్ని దాటినయి. తిరిగొచ్చేటప్పుడు చెయిన్ ఊడితే నెట్టుకుంట నడిచినం. బ్రేకు అడిక్‌మెట్ కాడి నుంచే పట్టిండు, అంతకుముందు పట్టలే, బొట్టు చూసిన. కన్యాకుమారి దాకా తొక్కిండో లేదో నాకు తెల్వదు. తార్నాక నుంచి హబ్సిగూడ దాకా తొక్కిండు.”